నొప్పికి ముందు ఏం జరిగింది? గుండెపోటులా వచ్చే అన్నవాహిక గాయాల గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారికి 68 ఏళ్ళు. గుండె లయ తప్పుతోందని రెండేళ్ళుగా రక్తం పలచబడే మందు వాడుతున్నారు. రాత్రి భోజనం చేసి, మాత్రలు వేసుకుని పడుకున్న కాసేపటికి రొమ్ము మధ్యలో ఒక్కసారిగా నొప్పి మొదలై వీపులోకి పాకింది. మొదట తీసుకెళ్ళిన చోట ఈసీజీలో ఏదో చిన్న తేడా కనిపించింది. గుండెపోటు అనుమానంతో, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి నొప్పి ఇంకా పెరిగింది, ఉమ్మి మింగడం కూడా కష్టమైంది, వాంతిలో రక్తపు చారలు కనిపించాయి. రెండో చోట సీటీ తీసి, అన్నవాహిక (తిన్నదాన్ని గొంతు నుంచి పొట్టలోకి చేర్చే గొట్టం) గోడలో రక్తం చేరి గడ్డకట్టిందన్నారు. ఇప్పుడు మీరు అడుగుతున్నవి మూడు. ఇలాంటి జబ్బు నిజంగా ఉందా? మొదటి చోట తప్పు చేశారా? ఇంటర్నెట్‌లో చదివిన "అన్నవాహిక చీలిపోవడం, సగం మంది బతకరు" అన్నది ఇదేనా?

మూడోదానికే ముందు జవాబు చెబుతాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. కాదు, ఇది అది కాదు. చీలిక అంటే గోడ లోపలి నుంచి బయటిదాకా తెగిపోయి, తిన్నదీ తాగినదీ ఛాతీలోకి కారిపోవడం. మీ నాన్నగారికి గోడ తెగలేదు. గోడలోని పొరల మధ్య రక్తం చేరి ఉబ్బింది, అంతే. చాలామందికి ఆపరేషన్ అవసరం లేకుండానే రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. ఆయన సీటీ ఫిల్ములు నేను చూడలేదు కాబట్టి చివరి మాట చూస్తున్న డాక్టర్లదే. కానీ మీరు రాసినదాన్ని బట్టి మాత్రం భయపడాల్సిన ఘట్టం చాలావరకు దాటినట్టే.

ఇక మొదటి ప్రశ్న. ఉంది. అరుదుగానే అయినా ఉంది. ఎమర్జెన్సీ విభాగంలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళను ఎంతమందిని చూసుంటానో లెక్క లేదు, అందులో గోడలో రక్తం చేరిన కేసులు మాత్రం ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. మిగిలిన అన్నవాహిక గాయాలన్నీ కలిపినా పెద్ద సంఖ్య కాదు. అయితే వాటన్నిటిలో ఒక పోలిక ఉంది. నొప్పి ఎలా ఉందో అడిగితే అవి బయటపడవు. నొప్పికి ముందు ఏం జరిగిందో అడిగితే బయటపడతాయి. నేను ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కూడా అదే.

అన్నవాహిక 25 సెంటీమీటర్ల పొడవున్న కండరపు గొట్టం. గొంతు దగ్గర మొదలై, వెన్నెముకకు ముందు, గుండెకు వెనకగా దిగి, డయాఫ్రంలోని (ఛాతీనీ పొట్టనీ వేరుచేసే కండరం) కంత దాటి పొట్టలో కలుస్తుంది. గుండె ఎడమ పై గది దీనికి ఎంత దగ్గరంటే, గుండె కవాటాలను బాగా దగ్గరి నుంచి చూడాల్సి వచ్చినప్పుడు స్కానింగ్ గొట్టాన్ని నోటి గుండా అన్నవాహికలోకే దింపుతారు. ఈ రెండింటి నుంచీ నొప్పి కబురు మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే అంతస్తులో కలుస్తాయి. ఫిర్యాదు ఏ వీధి నుంచి వచ్చిందో మెదడుకు తెలుస్తుంది కానీ ఏ ఇంటి నుంచో తెలియదు. అందుకే రొమ్ము మీద బరువు పెట్టినట్టుండటం, చెమటలు పట్టడం, నొప్పి దవడకో చేతికో వీపుకో పాకడం, ఇవన్నీ అన్నవాహిక వల్ల కూడా రావచ్చు. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రతో తగ్గింది కాబట్టి గుండె నొప్పే అని చాలామంది తేల్చేస్తారు. ఆ మాత్ర గుండె రక్తనాళాలను సడలించినట్టే అన్నవాహిక కండరాన్నీ సడలిస్తుంది. తగ్గినంత మాత్రాన ఏదీ రుజువు కాదు.

ఈ గొట్టానికి ఇంకో బలహీనత ఉంది. పొట్టకూ పేగులకూ బయట నునుపైన గట్టి పొర ఒకటి చుట్టి ఉంటుంది. అన్నవాహికకు అది లేదు. చిరిగితే ఆపడానికి బయట తొడుగేమీ ఉండదన్న మాట. పైగా ఛాతీలో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది కాబట్టి చిరుగు పడితే లోపలిదంతా ఛాతీలోకి లాక్కుంటుంది.

మీ నాన్నగారి విషయానికి వస్తే, గోడలో రక్తం చేరడం ఎక్కువగా పెద్ద వయసువాళ్ళలో చూస్తాం. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళు, గట్టిగా వాంతి చేసుకున్నవాళ్ళు, గరుకు పదార్థం గుచ్చుకున్నవాళ్ళు, ఈమధ్యే ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్ళు ఇందులో ఉంటారు. కొన్నిసార్లు ఏ కారణమూ దొరకదు. ఒక్కసారిగా ఛాతీ నొప్పి, మింగలేకపోవడం, కాస్త రక్తం పడటం, ఈ మూడూ దీని గుర్తులు. చిక్కేమిటంటే మూడూ ఒకేసారి రావు. ముందు నొప్పి వస్తుంది. గంటలు గడిచి గడ్డ ఉబ్బాక మింగడం కష్టమవుతుంది. లోపలి పొర ఎక్కడో చిట్లితే అప్పుడు రక్తం కనిపిస్తుంది. మొదటి గంటలో చూసిన డాక్టరుకు కనిపించేది ఉత్త ఛాతీ నొప్పే. మీరు రాసిన వరుస కూడా అచ్చం ఇదే.

దీన్ని పట్టుకునేది సీటీ. నిజానికి చాలాసార్లు దీన్ని వెతుక్కుంటూ ఎవరూ సీటీ తీయరు. బృహద్ధమని, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, చీలిందేమోనన్న అనుమానంతో తీస్తారు, ధమని బాగుంటుంది, దాని పక్కనున్న అన్నవాహిక గోడ దళసరిగా, ఒక పక్కకు ఉబ్బి కనిపిస్తుంది. ఎండోస్కోపీలో చూస్తే లోపలి పొర కింద నీలం, ఊదా కలిసిన రంగులో ఉబ్బు, దెబ్బ తగిలి కమిలిన చర్మంలా ఉంటుంది. తాజా గడ్డ మీద గొట్టం తోయడం అంత మంచిది కాదు కాబట్టి కొందరు డాక్టర్లు కొన్నాళ్ళు ఆగి చూస్తారు. వైద్యం అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టడం, ఆమ్లం తగ్గించే ఇంజెక్షన్, రక్తం పలచబడే మందు ఆపడం, అవసరమైతే దాని ప్రభావాన్ని విరిచే మందు ఇవ్వడం, తరవాత చల్లని ద్రవాలతో మొదలుపెట్టి మెల్లగా మెత్తని ఆహారం. చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. మీ ఇంట్లోవాళ్ళు "సెలైన్ తప్ప ఏమీ పెట్టడం లేదు" అని టెన్షన్ పడుతున్నారని రాశారు. ఇక్కడ వైద్యం అదే.

రెండో ప్రశ్న కొంచెం ఇబ్బందిది. మొదటి చోట తప్పు చేశారా?

ఛాతీ నొప్పితో వచ్చిన 68 ఏళ్ళ మనిషికి ముందు గుండెపోటు అనుకోవడం తప్పు కాదు. అలా అనుకోకపోతేనే తప్పు. ఛాతీ నొప్పికి అన్నవాహిక గాయం కారణమైన ప్రతి ఒక్కరికీ గుండె కారణమైనవాళ్ళు ఎన్నో రెట్లు ఉంటారు, వాళ్ళకు ఆలస్యం ప్రాణాంతకం. అన్నవాహిక దెబ్బతిన్నప్పుడు ఈసీజీలో గుండె కండరానికి రక్తం తగ్గినట్టు మార్పులు కనిపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. అంతవరకు నేను వాళ్ళ పక్షమే.

కానీ రెండు సంగతులు నేనైనా అడుగుతాను. అప్పటికే రక్తం పలచబడే మందు పూర్తి మోతాదులో వాడుతున్న మనిషికి, దాని మీద మళ్ళీ హెపారిన్ ఇచ్చేముందు ఆయన ఆ రాత్రి ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో చూసుకున్నారా? ఈసీజీలో స్పష్టమైన గుండెపోటు లేనప్పుడు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్ష ఫలితం వచ్చేదాకా, ఇంకో ఈసీజీ తీసేదాకా గంటో రెండు గంటలో ఆగే వీలుందా? ఉంటే ఆగి ఉండాల్సింది. ఆ ఇంజెక్షన్ గడ్డను పెంచే ఉంటుంది. గడ్డ దానివల్లే మొదలైందని మాత్రం అనలేం, నొప్పి ముందే ఉంది కదా. కోపం ఉంటే ఆసుపత్రి మీద పోట్లాడే ముందు ఆ రాత్రి కేస్ షీటు కాపీ తీసుకుని, మందుల వేళలు చూసుకోండి. కోపం తగ్గవచ్చు, పెరగనూ వచ్చు.

ఇంకొకరి తప్పు గురించి ఇంత మాట్లాడాను కాబట్టి నాదీ ఒకటి చెబుతాను.

రాత్రి డ్యూటీ, రెండు దాటింది. నలభై ఏళ్ళ మనిషి, మద్యం తాగి నాలుగైదుసార్లు వాంతి చేసుకున్నాడని ఇంటివాళ్ళు తీసుకొచ్చారు. పై పొట్టలోనూ ఎడమ డొక్కలోనూ నొప్పి, ముడుచుకుని కూర్చున్నాడు, పడుకోనంటాడు. పొట్ట చెక్కలా బిగిసి ఉంది. ఈసీజీ బాగుంది. క్లోమం వాచిందేమో అనుకుని రక్త పరీక్షకు రాశాను. ఛాతీ ఎక్స్‌రే తీయించాను, ఒక చూపు చూసి పక్కన పెట్టాను. అరగంట తరవాత అతని మెడ మీది చెమట తుడుస్తున్న నర్సమ్మ నన్ను పిలిచింది. "సార్, చర్మం కింద ఏదో చిటపట అంటోంది, చూడండి" అంది. వేలు పెట్టాను. ఎడమ మెడ ఎముక పైన, పాలిథిన్ కవరును మెల్లగా నలిపినట్టు. చర్మం కింద గాలి. వెనక్కి వెళ్ళి అదే ఎక్స్‌రే మళ్ళీ వెలుతురుకు పెట్టి చూశాను. గుండె ఎడమ అంచు వెంట సన్నటి నల్ల గీత, వెంట్రుక మందాన. మొదటిసారి చూసినప్పుడూ అది అక్కడే ఉంది.

అప్పుడు అడిగాను అతన్ని, మొదట అడగాల్సిన ప్రశ్న. "నొప్పి వచ్చి వాంతి అయిందా, వాంతి అయ్యాక నొప్పి వచ్చిందా?" ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మూడో వాంతికి లోపలేదో పటుక్కున తెగింది సార్. అప్పటిదాకా నొప్పి లేదు." ఆ మాట అతను వచ్చినప్పుడే చెప్పేవాడు, ఎవరైనా అడిగి ఉంటే.

ఇదీ మీరు ఇంటర్నెట్‌లో చదివిన చీలిక. దీనికి బోర్‌హావే సిండ్రోమ్ అని పేరు. 1723లో డచ్చి నౌకాదళ అధిపతి యాన్ వాన్ వాస్సెనార్ బాగా తిని, అలవాటు ప్రకారం వాంతికి మందు పుచ్చుకున్నాడు. వాంతి చేసుకుంటుండగా లోపలేదో తెగినట్టయి కేక పెట్టాడు, ఒక రోజు తిరక్కుండానే చనిపోయాడు. హెర్మన్ బోర్‌హావే అనే వైద్యుడు శవాన్ని కోసి చూస్తే ఛాతీలో అతను తిన్న బాతు మాంసం వాసన వచ్చిందట. ఆ వివరాలన్నీ 1724లో అచ్చు వేశాడు. ఆ తరవాత రెండు వందల ఏళ్ళకు పైగా ఇది వస్తే చావే. ఆపరేషన్ చేసి రోగిని బతికించిన తొలి విజయాలు 1947 నాటివి. ఆ ఆపరేషన్లు చేసినవాళ్ళలో ఒకరు నార్మన్ బారెట్, ఎండోస్కోపీ రిపోర్టుల్లో తరచూ కనబడే "బారెట్ అన్నవాహిక" పేరు కూడా ఆయనదే.

దీని యంత్రాంగం సులువే. వాంతి వచ్చేటప్పుడు గొంతు దగ్గరి కండరం తెరుచుకోవాలి. తెరుచుకోకపోయినా, బలవంతంగా వాంతిని ఆపుకున్నా పొట్ట నుంచి తన్నుకొచ్చిన ఒత్తిడికి దారి ఉండదు. గోడలో ఎక్కడ ఆధారం తక్కువో అక్కడ నిలువుగా చిరుగుతుంది. ఆ చోటు పెద్దవాళ్ళలో దాదాపు ఎప్పుడూ ఒకటే. పొట్టతో కలిసే చోటికి రెండు మూడు సెంటీమీటర్ల పైన, ఎడమవైపు, కాస్త వెనకగా. అందుకే ఊపిరితిత్తి చుట్టూ నీరు సాధారణంగా ఎడమవైపే చేరుతుంది. వాంతి ఒక్కటే కాదు, పెద్ద బరువు ఎత్తడం, మూర్ఛ, కాన్పు నొప్పులు కూడా అరుదుగా దీనికి దారితీశాయి.

వాంతి, ఆ వెంటనే ఛాతీ నొప్పి, మెడ దగ్గర చర్మం కింద గాలి. ఈ మూడూ కలిసి ఉంటే ఏ విద్యార్థి అయినా చెప్పేస్తాడు. సగానికి సగం మందిలో మూడూ ఉండవు. గాలి చర్మం కిందికి చేరడానికే గంటలు పడుతుంది. స్టెతస్కోపు పెడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా కరకరమని శబ్దం వినిపించవచ్చని 1939లో లూయీ హామన్ అనే వైద్యుడు రాశాడు. నా అనుభవంలో గోలగా ఉండే క్యాజువాలిటీలో అది వినిపించడం దాదాపు అసాధ్యం, వింటే మాత్రం మరిచిపోలేం. మొదటి గంటల్లో ఎక్స్‌రే బాగానే ఉండవచ్చు. కాబట్టి అనుమానం వస్తే ఎక్స్‌రేతో ఆగకూడదు, సీటీ తీయాలి. నీటిలో కరిగే రంగు మందు తాగించి తీస్తే ఎక్కడ కారుతోందో కనిపిస్తుంది. ఛాతీలో గొట్టం వేసినప్పుడు వచ్చే నీరు కూడా గుట్టు విప్పుతుంది. అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది, అది మన ఉమ్మిలోది. ఒక్కోసారి తిన్న మెతుకులే గొట్టంలోకి వస్తాయి. ఆ దృశ్యం చూశాక ఇక ఏ పరీక్షా అక్కర్లేదు.

అక్కడి నుంచి అంతా గడియారంతో పందెం. నోటికి ఏమీ ఇవ్వకపోవడం, గట్టి యాంటీబయాటిక్స్, ఛాతీలో చేరిన చెత్తను బయటికి తీయడం, చిరుగు మూయడం. మొదటి 24 గంటల్లో అయితే కుట్టు వేస్తే అతుక్కునే అవకాశం బాగుంటుంది. ఆలస్యమైతే అంచులు కుళ్ళి కుట్టు నిలవదు, చావు అవకాశం దాదాపు రెట్టింపు అవుతుంది. ఈమధ్య కొందరికి ఎండోస్కోపీ ద్వారా తొడుగు స్టెంట్ వేయడం, గాయంలో స్పాంజి పెట్టి గాలి లాగే పద్ధతి కూడా బాగా పనిచేస్తున్నాయి. నా రోగికి తెల్లవారేలోపు ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఐసీయూలో ఉన్నాడు, బతికాడు. నర్సమ్మ మెడ తుడవకపోతే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

గోడలో లోపలి పొర మాత్రమే చిరిగితే దాన్ని మాలొరీ-వైస్ చిరుగు అంటారు, 1929లో వర్ణించిన ఇద్దరు వైద్యుల పేర్లతో. వాంతుల తరవాత ఎర్రటి రక్తం పడుతుంది, నొప్పి పెద్దగా ఉండదు, ఎక్కువమందిలో దానంతటదే ఆగుతుంది. దీన్నీ చీలికనూ కలిపి చదివి బెంబేలు పడేవాళ్ళు చాలామంది. ఒక గుర్తు చెబుతాను. చిరుగులో రక్తం ఎక్కువ, నొప్పి తక్కువ. చీలికలో నొప్పి విపరీతం, రక్తం తక్కువ.

చీలికల గురించి ఇంత చెప్పాను కానీ అన్నవాహికకు కన్నం పడటానికి అన్నిటికంటే పెద్ద కారణం వాంతి కాదు, మేమే. ఎండోస్కోపీ, ముఖ్యంగా ఇరుకైన చోటును బెలూన్‌తో వెడల్పు చేయడం. మామూలుగా చూడటానికి చేసే ఎండోస్కోపీలో ఈ ప్రమాదం చాలా చాలా తక్కువ, దానికి భయపడి పరీక్ష మానుకోవద్దు. కానీ బెలూన్ చేయించుకున్న రోజు సాయంత్రం ఛాతీ నొప్పో, మెడ నొప్పో, జ్వరమో వస్తే "గొట్టం వేశారు కదా, నొప్పి ఉంటుందిలే" అని ఇంట్లో పడుకోకూడదు. వెంటనే చేసినవాళ్ళకు ఫోన్ చేయాలి.

మాత్రల సంగతి వేరేగా చెప్పాలి, మీ నాన్నగారికీ ఇది వర్తించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ళ అమ్మాయి, రాత్రి ఒంటిగంటకు రొమ్ము మధ్యలో కత్తి దింపినట్టు నొప్పితో నిద్ర లేస్తుంది. ఈసీజీ బాగుంటుంది. గుటక వేస్తే ప్రాణం పోతున్నట్టుంటుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతోందా అని అడిగితే, అవును, పడుకునే ముందు ఒక గుక్క నీళ్ళతో వేసుకున్నానంటుంది. ఇలాంటి కథ ఎన్నిసార్లు విన్నానో! మాత్ర అన్నవాహిక మధ్యలో, బృహద్ధమని వంపు నొక్కే చోట అంటుకుపోయి, అక్కడే కరిగి పుండు చేస్తుంది. డాక్సీసైక్లిన్, ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్, పొటాషియం, ఐరన్, నొప్పి మాత్రలు ఇందులో పేరుమోసినవి. రక్తం పలచబడే మందుల్లో డాబిగాట్రాన్ కూడా ఇలా పుండు చేయగలదు, ఆ గుళికలో ఆమ్లం ఉంటుంది. మీ నాన్నగారు వాడేది ఏదో మీరు రాయలేదు. అదే అయితే, పడుకునే ముందు వేసుకున్నారు కాబట్టి, ఈ సంగతి ఆయన డాక్టరు చెవిన వేయండి. పుండుకు వైద్యం సులువు. మందు మార్చాలి, లేదా నిండు గ్లాసు నీళ్ళతో నిలబడి వేసుకుని అరగంటైనా పడుకోకూడదు. వారం పది రోజుల్లో మానిపోతుంది.

ముళ్ళు, ఎముక ముక్కలు గుచ్చుకోవడం అందరికీ తెలిసినదే. తెలియనిది దాని తరవాతి మౌనం. ముల్లు దిగిందని, నొప్పి తగ్గిందని వదిలేస్తారు. కొన్ని రోజుల తరవాత ఛాతీ మధ్యలో నొప్పి, కాస్త రక్తం పడి ఆగిపోవడం, మళ్ళీ కొన్ని గంటలో రోజులో అంతా బాగున్నట్టు ఉండటం, ఆపైన ఒక్కసారిగా రక్తం వరదలా రావడం. ముల్లు అన్నవాహికను దాటి పక్కనున్న బృహద్ధమనిని తాకినప్పుడు జరిగేది ఇది. మధ్యలో వచ్చే ఆ ప్రశాంతమే మనిషిని కాపాడే అవకాశం, అప్పుడే కాస్త రక్తమే కదా అని ఇంటికి పంపేస్తారు. మామూలు ఎక్స్‌రేలో చేప ముల్లు తరచూ కనబడదు, సీటీలో కనబడుతుంది. మొనదేలిన వస్తువు అన్నవాహికలో ఇరుక్కుంటే దాన్ని గంటల్లోనే తీయాలి, మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు.

చిన్న పిల్లలు బొత్తాము బ్యాటరీ మింగితే లెక్క ఇంకా వేగం. రెండు గంటల్లోనే గోడ కాలడం మొదలవుతుంది. బ్యాటరీ కారి కాదు, దానిలోంచి ప్రవహించే కరెంటు అక్కడి తడిలో క్షారాన్ని పుట్టించడం వల్ల. ఎక్స్‌రేలో నాణెంలాగే ఉంటుంది, కానీ అంచున రెండు గీతలు కనిపిస్తాయి. నాణెమేలే అనుకుని రేపు చూద్దామన్న మాట వినిపిస్తే ఒప్పుకోకండి. తీసేశాక కూడా కాలిన చోట వారాలపాటు ప్రమాదం పొంచి ఉంటుంది.

ఇంకా వింతవి ఉన్నాయి. పొగలు కక్కేంత వేడిది గబుక్కున మింగితే అన్నవాహిక లోపల తెలుపు, గులాబీ చారలు పడతాయి. నొప్పి భయంకరంగా ఉన్నా కొద్ది రోజుల్లో మానుతుంది. గాలి నింపే గొట్టం నోట్లో పేలి అన్నవాహిక చిరిగిన కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి. నేను చూడలేదు, చూడాలనీ లేదు.

ఇదంతా చదివి ఛాతీ నొప్పి వస్తే ఇంట్లో కూర్చుని ఇది అన్నవాహిక నొప్పా, గుండె నొప్పా అని తేల్చుకోవద్దు. ముందు ఆసుపత్రికి, ముందు ఈసీజీ. అక్కడికి వెళ్ళేదాకా నీళ్ళు, పాలు, గ్యాస్ మందు ఏదీ తాగించవద్దు. గోడకు కన్నం ఉంటే తాగినది ఛాతీలోకే పోతుంది. డాక్టరు ఎదురైనప్పుడు నొప్పి ఎంత ఘోరంగా ఉందో వర్ణించడానికి ముందు వరుస చెప్పండి. వాంతి ముందా, నొప్పి ముందా? నొప్పికి ముందు ఏం మింగారు, మాత్రా, ముల్లా, వేడిదా? గుటక వేస్తే పెరుగుతోందా? మెడ ఉబ్బిందా, గొంతు మారిందా? ఈ నెలలో ఎండోస్కోపీ చేయించారా? రక్తం పలచబడే మందు చివరి మోతాదు ఎన్ని గంటలకు? డాక్టరు హడావుడిలో ఉండి అడగకపోయినా మీరే చెప్పేయండి, ఏమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

ఇప్పుడు మీ నాన్నగారికి మిగిలిన పెద్ద నిర్ణయం ఒకటే. రక్తం పలచబడే మందు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆపి ఉంచితే గుండెలో గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం, తొందరపడితే అన్నవాహికలో మళ్ళీ రక్తం. దీనికి ఒకే తేదీ అందరికీ వర్తించదు. గుండె డాక్టరూ, జీర్ణకోశ డాక్టరూ ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాలి. ఒకరు ఆపమని, ఇంకొకరు మొదలుపెట్టమని వేర్వేరు చీటీలు రాసిస్తే రెండూ పట్టుకుని ఇద్దరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళండి. సాధారణంగా సీటీయో ఎండోస్కోపీయో మళ్ళీ తీసి గడ్డ కరిగిందని చూసుకున్నాక నిర్ణయిస్తారు. గోడ కింద వేరే జబ్బేమీ లేదని నిర్ధారించుకోవడానికి కూడా ఆ పరీక్ష ఉపయోగపడుతుంది. ఒకసారి మానాక ఇది మళ్ళీ రావడం అరుదు.

డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని వారాలు మాత్రలు ఆయన చేత నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చోబెట్టి వేయించండి. జ్వరం, మెడ వాపు, ఆయాసం, నల్లటి విరేచనం, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఆయన వాడే మందు పేరూ, రెండో సీటీలో ఏం రాశారో ఇక్కడ పెడితే మళ్ళీ చూస్తాను.